నల్లంచు పుస్తకం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇప్పుడు మెట్రో స్తంభాల నీడ పడుతున్న చోట ఒకప్పుడు నిండుగా ఎండ పడేది. అదేం పెద్ద సంగతి అంటారేమో, దశరథ వ్యాపారమంతా ఆ ఎండ మీదే నడిచింది. బస్సు డిపోకు ఎదురుగా ఫుట్‌పాత్ మీద నీలం టార్పాలిన్ పరిచి, పాత కంప్యూటర్ పుస్తకాలు వరసలుగా పేర్చుకుని కూర్చునేవాడు. ఎవరైనా వచ్చి ఏ పుస్తకం మంచిదని అడిగితే లోపల ఒక్క పేజీ కూడా తిప్పేవాడు కాదు. పుస్తకాన్ని మూసి, పక్కకు తిప్పి, కాగితాల అంచును ఎండకు పట్టి, కళ్లు చికిలించి చూసేవాడు.

చదివేవాడి బొటనవేలు ఎక్కడిదాకా తిరిగిందో అక్కడిదాకా అంచు నల్లబడి ఉంటుంది. ఆ తర్వాత తెల్లగా ఉంటుంది. "సూడు తమ్మీ, గీడిదాక నల్లగున్నది. గీడ ఆగిపోయిండు. గీ పుస్తకం ఆయనను ఎల్లగొట్టింది, నిన్ను గూడ ఎల్లగొడ్తది" అని దాన్ని పక్కన పడేసేవాడు. మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా ఒకే తీరుగా నల్లబడ్డ అంచు కనిపించిందంటే ఇక బేరం లేదు, రెండు చేతులతో అందించేవాడు. చదివించే పుస్తకమంటే అదేనని అతని నమ్మకం. ఇంజనీరింగ్ పిల్లలు మొదట్లో నవ్వారు. పాసైనవాళ్లు తిరిగొచ్చి దండం పెట్టాక నవ్వడం మానేశారు. పాసు కానివాళ్లు తిరిగొచ్చి ఏమీ చెప్పరు కదా, ఆ ముక్క మాత్రం దశరథకు చాలా ఏళ్లు తట్టలేదు.

అతనిది దేవరకొండ వైపు ఊరు. ఐదో తరగతి దాకా తెలుగు చదివాడు. ఇంగ్లీషులో అంకెలు తప్ప అక్షరం ముక్క రాదు. కరువొచ్చిన ఏడాది భార్య సైదమ్మను తీసుకుని నగరానికొచ్చి, కొత్తపేటలో ఒక పాత పేపర్ల దుకాణంలో తూకం వేసే పనికి కుదిరాడు. అక్కడికి ఇటుకల్లాంటి లావు పుస్తకాలు కిలోల లెక్కన వచ్చి పడేవి. ఇంత మంచి కాగితం, ఇన్ని బొమ్మలు, చిత్తు కింద పోవడమేమిటని అతనికి మనసు ఒప్పలేదు. ఒక ఆదివారం సేటును బతిమాలి పది పుస్తకాలు తెచ్చి డిపో ముందు పరిచాడు. సాయంత్రానికి తొమ్మిది పోయాయి.

పదోది పోకపోవడానికి కారణం కూడా అతనికి కలకాలం గుర్తుంది. ఒక పెద్దమనిషి దాన్ని చేతిలోకి తీసుకుని ఇది మంచిదేనా అని అడిగితే, దశరథ నిజాయితీగా "నాకు తెల్వదు సారు" అన్నాడు. ఆయన పుస్తకం కింద పెట్టి పక్క దుకాణానికి నడిచాడు. ఆ మాటను దశరథ అక్కడే మింగేశాడు. ఆ తర్వాత పధ్నాలుగేళ్లు అది అతని నోటి నుంచి రాలేదు.

పుస్తకాన్ని బాగుచేయడంలో మాత్రం ఆ వరసలో అతనికి సాటి లేరు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, చినిగిన అట్ట పీకేసి కొత్త గోధుమరంగు అట్ట అంటించేవాడు. బండ్ల నంబర్లు రాసే పెయింటరు చేత మీద పేరు రాయించేవాడు. పీకేసిన పాత అట్టలన్నీ ఒక గోనెసంచిలో పోగయ్యేవి.

ఆ రోజుల దిల్‌సుఖ్‌నగర్‌ను తలుచుకుంటే ఇప్పటికీ చెవుల్లో గోల మోగుతుంది. ఒక్కో మేడకు పాతిక బోర్డులు. మెట్ల మీద ఒకడు దిగుతుంటే ఇద్దరు ఎక్కేవారు. చేతిలో కరపత్రం పెట్టకుండా ఎవరూ ఎవరినీ నడవనిచ్చేవారు కాదు. ఒక గ్లాసు చాయ్‌ని ఇద్దరు పంచుకుంటుంటే అందులో ఒకడిది నల్లగొండ యాస, రెండోవాడిది గుంటూరు యాస. గోడ మీద కోచింగ్ సెంటర్ ప్రకటన, దాని మీద జై తెలంగాణ, దాని పక్కన పీజీ హాస్టల్ ఫోన్ నంబరు. అంత ఇరుకులో అందరికీ ఎట్లా చోటు సరిపోయిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేం.

2011లో వినాయక చవితికి ముందు ఒక మధ్యాహ్నం సాధన అతని టార్పాలిన్ ముందు వచ్చి నిలబడింది. ఇరవై రెండేళ్ల పిల్ల. నాన్న ప్రభుదాసు ఆర్టీసీ డ్రైవరు, అమ్మ బాలమ్మ. చిట్యాల పక్క పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉంటున్నారు. సాధన డిగ్రీ పూర్తి చేసి, శ్రీరామమూర్తి సారు నడిపే నెట్‌వర్కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ చూసుకుంటూ అక్కడే పాఠాలు వింటోంది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి నడిపించే విద్య అది. దానికో పరీక్ష ఉంది, గోడల మీద సీసీఎన్‌ఏ అని రాసి ఉండేది. నాగోల్‌లో ఒక కంపెనీవాళ్లు ఆమెను చూసి, అక్టోబరు పదో తారీఖులోపు ఆ సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం నీదే అన్నారు. పరీక్ష ఎనిమిదో తారీఖున. ఫీజు కట్టేసింది. మళ్లీ ఇంకోసారి కట్టే తాహతు ఆ ఇంట్లో లేదు.

"అన్నా, సీసీఎన్‌ఏకు ఏ బుక్కు మంచిది?"

దశరథ దగ్గర రెండున్నాయి. ఒకటి రంగు అట్టతో, తళతళలాడుతూ ఉంది. రెండోది గోధుమరంగు అట్ట వేసింది.

"మా సారు కొత్తది తీస్కోమన్నడు. గిది కొత్తదే గద?" అని సాధన తళతళలాడేదాన్ని తీసింది.

"కొత్తదని కొంటవా, చదివెటట్టుండాల్నా?" అని దశరథ దాన్ని తీసుకుని ఎండకు పట్టాడు. "సూడు బిడ్డా. ఎనభై పేజీలు దాటలే. కొన్నోడు ఉరికిండు. ఇగ గిది సూడు." గోధుమరంగు పుస్తకం అంచు ఎండలో ఇనుప పెనం అంచులా నిగనిగలాడింది. "మొదటి నుంచి ఆఖరుదాక ఒక్క తీరుగున్నది. నా దుకాణంల గింత మంచి అంచు నేనే సూడలే."

"మరి పరీక్షకు గిదే వస్తదా అన్నా? ఒక్కటే చాన్సు నాకు."

దశరథకు ఆ సంగతి తెలియదు. తెలియదని అతనికి బాగా తెలుసు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను పాత అలవాటు కొద్దీ వెనక్కి నెట్టేశాడు.

"గిదే వస్తది. నా మాట నమ్ము" అన్నాడు.

సాధన నమ్మింది. పుస్తకాన్ని గుండెకు హత్తుకుని ఎల్బీ నగర్ బస్సెక్కింది. ఆ పూట దశరథ ఒక చాయ్ ఎక్కువ తాగాడు.

సెప్టెంబరు పదమూడున తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. వారం తిరక్కముందే ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. డిపో గేటుకు తాళం పడింది. ఇన్‌స్టిట్యూట్లు మూతపడ్డాయి. మెట్ల మీద ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. బేరాలు లేకపోయినా దశరథ రోజూ దుకాణం పరిచేవాడు. ఊరేగింపు వస్తే లేచి నాలుగడుగులు దాంతో నడిచి, జై కొట్టి, మళ్లీ వచ్చి కూర్చునేవాడు. నల్లగొండ మనిషి ఆ మాత్రం చేయకపోతే ఎట్లా? రోడ్డంతా ఖాళీగా ఉండి, గాలిలో మామూలుగా ఉండే డీజిల్ కమురు లేకపోవడం అతనికి వింతగా, కొంచెం ముచ్చటగా కూడా ఉండేది.

సెప్టెంబరు నెలాఖరులో ఒక ఉదయం శ్రీరామమూర్తి సారు స్కూటరు మీద వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా యాస మారలేదు. పాఠాలు ఆగిపోయి కాళ్లూ చేతులూ ఆడటం లేదాయనకు.

"ఏం దశరథా, బేరాలున్నాయా?"

"ఏడి బేరాలు సారు. మీ సాధనకు ఇచ్చిన పుస్తకమే ఆఖరి పెద్ద బేరం. ఏం పుస్తకమనుకున్నరు! ఆఖరుదాక నల్లటి అంచు."

"ఏ పుస్తకం? ఇది కాదా?" అని సారు తళతళలాడేదాన్ని చూపించాడు.

"అది ఎనభై పేజీల పుస్తకం సారు. నేనిచ్చింది నేను అట్టేసింది."

సారు ముఖం మారింది. "పాత అట్ట ఏదీ?" అన్నాడు.

దశరథ గోనెసంచి బోర్లించాడు. వందలాది అట్టలు కుప్పగా పడ్డాయి. టీ గ్లాసు మరక చూసి ఆ అట్టను గుర్తుపట్టి ఇచ్చాడు. సారు దాని మీద నంబరుపై వేలుపెట్టాడు.

"చివర ఒకటి ఉంది చూశావా? నాలుగేళ్ల కిందటే ఈ పరీక్ష ఎత్తేశారయ్యా. ఇప్పుడు జరుగుతున్నదానికి చివర రెండు ఉంటుంది. వైర్‌లెస్సు, సెక్యూరిటీ, కంప్యూటర్లకిచ్చే కొత్త రకం అడ్రసులు, ఇవేవీ అందులో ఉండవు. ఆ అమ్మాయి పుస్తకం కొన్నానంటే నేనైనా ఒకసారి చూపించమనలేదు, ఛ!"

"మరి గంత నల్లగెట్లైంది సారు?"

"పాతది కాబట్టే నల్లబడింది. ఏళ్ల తరబడి ఎంతమంది చేతులు మారిందో!"

దశరథ టార్పాలిన్ మీది పుస్తకాల వైపు తిరిగాడు. కళ్ల ముందు వరసలు వరసలుగా నల్ల అంచులు. మాసిన పుస్తకం చదివిన పుస్తకమే, అందులో అబద్ధం లేదు. కానీ అన్నిటికంటే మాసింది అన్నిటికంటే ముసలిది కూడా. ఇంత చిన్న సంగతి పధ్నాలుగేళ్లుగా తన చేతుల్లోనే ఉండి కనిపించలేదు. ఎంతమందికి ముసలి పుస్తకాలు అంటగట్టాడో, అందులో ఎంతమంది తిరిగి రాలేదో!

"ఉండు, ఫోన్ చేసి చెబుతాను" అని సారు జేబులో చెయ్యి పెట్టాడు.

"వద్దు సారు. తెల్వకుంట తెలుసన్నది నేను. నేనే పోయి చెప్త."

తళతళలాడే పుస్తకాన్ని తువ్వాలలో చుట్టి చంకన పెట్టుకుని, దుకాణం మీద టార్పాలిన్ కప్పి, సాధన వాళ్లు ఎల్బీ నగర్ చౌరస్తాలో సమ్మె గుడారం దగ్గరుంటారని సారు చెబితే అటు నడక మొదలుపెట్టాడు. ఆటోలకు మనుషులు వేలాడుతూ పోతున్నారు, వాటిలో చోటు దొరికే మాట లేదు. చైతన్యపురి దాటాడు. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర లారీలు లేక బత్తాయి వాసన కూడా పలుచబడింది. విక్టోరియా మెమోరియల్ హోమ్ గోడ పొడుగునా నడుస్తూ ఏం చెప్పాలో లోపల అనుకుంటూ, బాగా లేదని మళ్లీ మార్చుకుంటూ పోయాడు.

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆ రోజు వంటా వార్పు. రోడ్డు మధ్యలో రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించారు. అక్కడే వండుకుని అక్కడే తిని రోడ్డు దిగ్బంధం చేయడం ఆ ఉద్యమంలో పద్ధతి. ప్రభుదాసు ఖాకీ చొక్కా చేతులు మడిచి పెద్ద డేగిసాలో కిచిడి కలుపుతున్నాడు. డిపో ముందు కూర్చునేవాణ్ణి డ్రైవర్లందరూ ఎరుగుదురు. "రా తమ్మీ రా, మంచి టయానికొచ్చినవు" అని గరిటె ఊపాడు.

పక్కనే గుడారంలో సాధన ఉల్లిగడ్డలు కోస్తోంది. ఒళ్లో గోధుమరంగు పుస్తకం తెరిచి ఉంది. దశరథను చూడగానే ఆమె ముఖం వెలిగింది.

"అన్నా! నీ పుస్తకం మస్తున్నదే. ఒకసారి అయిపోయింది, రెండోసారి చదువుతున్న."

ఆ మాట వినడం కంటే తిట్టు తినడం సుఖంగా ఉండేది. దశరథ తువ్వాల విప్పాడు. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "తప్పు పుస్తకమిచ్చిన బిడ్డా. గది పాత పరీక్షది. గిది సరైంది" అని మాత్రం అన్నాడు. సారు చెప్పినదంతా అప్పజెప్పాడు.

సాధన చేతులు కడుక్కుని వచ్చింది. రెండు పుస్తకాల విషయసూచికలూ పక్కపక్కన పెట్టి చూసింది. వేలు కిందికి జరుగుతున్నకొద్దీ ముఖం పాలిపోయింది.

"తొమ్మిది దినాలే ఉన్నయ్. నీ మాట నమ్మి నేనన్న నంబరు సూస్కోలే" అంది. పాత పుస్తకం మూసి, "అన్నా, ఆనాడు నీకు తెలుసా? గిది పరీక్షకు వస్తదో రాదో?"

"తెల్వదు."

"మరి వస్తదన్నవు."

దశరథ తల వంచుకుని నిలబడ్డాడు. సాధన కొత్త పుస్తకం తీసుకుని గుడారం చివరకు పోయి, ఇటు వీపు పెట్టి కూర్చుంది. ప్రభుదాసు అంతా విన్నాడు. చాలాసేపు డేగిసా కలుపుతూనే ఉండి, చివరికి ఒక విస్తరాకులో కిచిడి పెట్టి దశరథ ముందుంచాడు.

"తిను. గంత దూరం నడిచొచ్చినవు."

దశరథ విస్తరాకు ముందుకు లాక్కుని, తల ఎత్తకుండా తిన్నాడు.

మర్నాడు శ్రీరామమూర్తి సారు కూడా ఆ గుడారానికి వచ్చాడు. ఆయన "ఏమండీ, సాధన ఎక్కడుందండీ?" అనగానే ఒకరిద్దరు తలలు తిప్పి చూశారు. ఆ రోజుల్లో యాస వింటే చాలు, మనిషి ఎటువైపో తేల్చేసేవారు. ప్రభుదాసు ముందుకొచ్చి, "మా బిడ్డకు సదువు చెప్పెటాయన, జర జాగ ఇయ్యుండ్రి" అన్నాడు. అంతే, ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. మధ్యాహ్నం అందరితో పాటు తిని చేయి కడుక్కుంటూ సారు, "మీ సమ్మెకు నేను ఒప్పుకున్నానని కాదండోయ్, కిచిడీ మాత్రం అద్భుతం" అన్నాడు. గుడారమంతా నవ్వింది. ఆ తర్వాత ఆయన స్కూటరు రావడం ఆలస్యమైతే వాళ్లే అడిగేవారు.

ఆ తొమ్మిది రోజులు దశరథ దుకాణం తెరవలేదు. పొద్దున్నే నడిచి ఎల్బీ నగర్ పోవడం, సాయంత్రం నడిచి రావడం. ఉపన్యాసం మైకులో మోగుతుంటే ఇటు సారు పాఠం. ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే ఆ చప్పట్ల మధ్య సాధన లెక్కలు. ఒక్క అడ్రసును ముక్కలు చేసి ఏ ముక్కలో ఎన్ని కంప్యూటర్లు పడతాయో చెప్పే లెక్క ఆమెకు మంచినీళ్ల ప్రాయం. వైర్‌లెస్ దగ్గరే తడబడేది. పుస్తకం వెనక ప్రశ్నలకు జవాబులు ఏ, బీ, సీ, డీ అని ఉంటాయి. ఆ నాలుగక్షరాలను దశరథ అక్కడే నేర్చాడు. సాధన జవాబు చెబితే వెనక పేజీ చూసి, సరైతే తలూపేవాడు, తప్పైతే బాధగా చూసేవాడు. మూడో రోజుకు ఆమె అతనితో మళ్లీ మాట్లాడింది. "గట్ల సూడకన్నా, ఏడుస్తున్నట్టున్నది" అంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. తన బతుకులో అంత మంచి రోజులు మళ్లీ రాలేదని, అంత భయపడ్డ రోజులూ లేవని దశరథ తర్వాత ఎన్నోసార్లు అన్నాడు.

ఎనిమిదో తారీఖు శనివారం. సారు స్కూటరు మీద సాధనను తీసుకుపోయాడు. ప్రభుదాసు, దశరథ ఒక షేర్ ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని వెళ్లారు. పరీక్ష కంప్యూటర్ మీదే, ఫలితం అక్కడికక్కడే. పదకొండున్నరకు సాధన ఒక కాగితం పట్టుకుని మెట్లు దిగింది. ఆమె నడక చూసి ప్రభుదాసు ముందే కళ్లు దించుకున్నాడు. దశరథ మాత్రం కాగితం అందుకుని అంకెలు వెతికాడు.

"ఎనిమిదొందల పన్నెండు. ఎంత కావాల్నే?"

"ఎనిమిదొందల ఇరవై ఐదు."

"పదమూడు" అన్నాడు దశరథ.

"పాత పాఠాలన్నిట్ల మస్తు మార్కులొచ్చినయన్నా. కొత్తయి పోయినయి. ఇంకొక్క వారం దొరికితే అయిపోతుండె" అంది సాధన. ఆమె గొంతులో నింద లేదు, ఉన్న మాట చెప్పింది. ఆ పోయిన వారం ఎక్కడ పోయిందో అక్కడున్న నలుగురికీ తెలుసు. రెండో ఫీజు తానిస్తానని దశరథ అంటే ప్రభుదాసు ఒప్పుకోలేదు. "సాలు తమ్మీ, నడిచి నడిచి నీ కాళ్లరిగినయి" అన్నాడు. సోమవారం నాగోల్ కంపెనీవాళ్లు ఆ ఉద్యోగం ఇంకొకరికిచ్చారు.

ఆ రోజు నుంచి దశరథ ఫుట్‌పాత్ ముఖం చూడలేదు. కొత్తపేట కిరాయి గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మళ్లీ ఆ సేటు దగ్గర తూకం పనికి పోతానన్నాడు. తెలియని పుస్తకాలను తూచడమే తనకు తగిన పని, తెలిసినట్టు అమ్మడం కాదన్నాడు. సైదమ్మ నచ్చజెప్పి చూసింది, కోప్పడి చూసింది, చివరికి ఊరుకుంది.

అక్టోబరు మధ్యలో బస్సులు రోడ్డెక్కాయి. ప్రభుదాసు డ్రైవింగ్ సీట్లోంచి రోజుకు నాలుగు ట్రిప్పులు ఆ ఫుట్‌పాత్ చూసేవాడు. నాలుగు ట్రిప్పులూ టార్పాలిన్ కప్పే ఉండేది. మూడు రోజులు చూసి, ఇంట్లో అన్నం ముందు ఆ సంగతి ఎత్తాడు. సాధన మర్నాడు ఉదయం సంతోషి అనే స్నేహితురాలిని వెంటబెట్టుకుని, అడుగుతూ అడుగుతూ కొత్తపేట గదికి వచ్చింది.

"దుకాణం ఎందుకు తెరుస్తలేవన్నా?"

"ఏ మొఖం పెట్టుకొని తెరువాలె బిడ్డా?"

"గదంత నాకు తెల్వదు. ఈమె సంతోషి. మా ఇన్‌స్టిట్యూట్‌ల కొత్తగ చేరింది. ఈమెకు పుస్తకం కావాలె."

దశరథ తలెత్తి ఆమె వైపు చూశాడు. చెడగొట్టిన చేతి దగ్గరికే ఇంకొకరిని తీసుకొచ్చింది ఈ పిల్ల.

"పక్క దుకాణంల కొనుక్కోరాదు. నాకేం తెల్వదు. ఏది మంచిదో, ఏది కాదో, నాకు ఎన్నడు తెల్వలే" అన్నాడు. పుస్తకం కొనవచ్చిన మనిషి ముందు పధ్నాలుగేళ్లు మింగిన మాట అది. అన్నాక కళ్లు నిండాయి.

"ఆ లైన్ల అందరు తెలుసనెటోళ్లే ఉన్నరన్నా. తెల్వదని చెప్పెటోడు ఒక్కడన్న ఉండాలె గద. లే" అంది సాధన.

సైదమ్మ అప్పటికే చెప్పులు తెచ్చి అతని ముందు పెట్టింది.

ముగ్గురూ నడిచి డిపో దగ్గరికి వచ్చారు. టార్పాలిన్ తీస్తే దుమ్ము లేచింది. సాధన అక్కడే ఫుట్‌పాత్ మీద చతికిలబడి ఒక పుస్తకం తీసి, అట్ట తిప్పి, రెండో పేజీ తెరిచింది. చిన్న చిన్న అక్షరాల మధ్య ఒక చోట వేలు పెట్టింది.

"గీ అంకె చదువు."

"రెండువేల నాలుగు."

"పుస్తకం పుట్టిన ఏడాది గది. ప్రతి పుస్తకంల ఉంటది, గీ పేజీలనే. అట్ట పోయినా ఇది పోదు. పరీక్ష ఎప్పుడు మారిందో సారును అడుగు, అంతకు ముందరిది పక్కకు పెట్టు. ఆ తర్వాత నీ అంచు సూసుకో, నేనొద్దన్ననా?"

అంకెలు అతనికి ఎప్పుడూ వచ్చు. తూకం రాయి మీది అంకెలు, బస్సు మీది అంకెలు, అన్నీ వచ్చు. పుస్తకం లోపల తనకు వచ్చిన అంకెలే ఉన్నాయని ఒక్క పుస్తకం కూడా తెరిచి చూసుకోలేదు. సిగ్గుతో నవ్వొచ్చింది అతనికి. సంతోషి ముందుకు వంగి, "ఏది తీస్కోమంటరన్నా?" అని అడిగింది. దశరథ చేయి అలవాటుగా ఎండ వైపు లేచి, మధ్యలో ఆగింది.

"జర ఆగు బిడ్డా, సూసి చెప్త" అన్నాడు.

ఆ పూట నూట అరవై పుస్తకాల రెండో పేజీలు తిప్పాడు. అరవై ముసలి పుస్తకాలు సేటు తూకానికి పోయాయి. ఏ, బీ, సీ, డీ దగ్గర ఆగకుండా మిగతా అక్షరాలు కూడా ఒక్కొక్కటే సాధన దగ్గర నేర్చాడు. ఆమె మాత్రం ల్యాబ్ జీతంలో కొంచెం కొంచెం పక్కన పెట్టి ఫీజు కూడబెట్టింది.

మరుసటి ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం సాధన బస్సు దిగి, రోడ్డు దాటి, నేరుగా వచ్చి ఒక కాగితం దశరథ చేతిలో పెట్టింది. నవ్వు ఆపుకుంటూ నిలబడింది. దశరథ ఆ కాగితంలో ముందు ఏడాది ఎక్కడుందో వెతికాడు. రెండువేల పన్నెండు, సరిపోయింది. ఆ తర్వాత మార్కులు చూశాడు. తొమ్మిదొందల నలభై ఏడు. దాని పక్కన నాలుగక్షరాల ఇంగ్లీషు మాట ఉంది. పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "పాస్" అని పైకి చదివాడు. డిపో ముందు అంతమంది చూస్తుండగా తువ్వాలలో ముఖం పెట్టుకుని ఏడ్చాడు.